వేడెక్కాక మొరాయించే సెల్ఫ్: తప్పు మోటారుదా, తీగెదా?

ఎండాకాలంలో పాత కార్ల యజమానులకు తరచుగా ఎదురయ్యే చిక్కు ఇది. పొద్దున సికింద్రాబాద్‌లో ఇంటి ముందు తాళం తిప్పగానే అంబాసిడర్ లేస్తుంది. అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా ఏ పేచీ లేకుండా నడుస్తుంది. చెరువు దగ్గర ఆపి, పావుగంట తర్వాత మళ్లీ తాళం తిప్పితే బానెట్ కింద నీరసంగా ‘టిక్’మని ఒక్క చప్పుడు వస్తుంది, ఇంజన్ మాత్రం కదలదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. గంటసేపు నీడలో వదిలేస్తే అదే తాళానికి, అదే బ్యాటరీతో, ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. మేడ్చల్ దారిలోనూ ఇదే తంతు. సుచిత్ర నుంచి కొంపల్లి మీదుగా రద్దీలో పాకుతూ వెళ్లిన ప్రీమియర్ పద్మిని, పెట్రోలు బంకులో ఇంజన్ ఆపాక ఇక కదలనంటుంది. బండి పాడైందనుకుంటే తర్వాత ఎలా లేచింది? బాగానే ఉందనుకుంటే అప్పుడెందుకు లేవలేదు?

‘సెల్ఫ్ పోయింది, మార్చేయాలి’ అన్నది దీనికి తేలిగ్గా దొరికే జవాబు. స్టార్టర్ మోటారును విప్పుతారు, కార్బన్ బ్రష్‌లు మారుస్తారు, లేదా ఏకంగా కొత్త మోటారే బిగిస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. మళ్లీ వేసవి వస్తుంది, మళ్లీ అదే ‘టిక్’. పైన చెప్పిన లక్షణాన్నే ఆధారంగా తీసుకుని జాగ్రత్తగా ఆలోచిస్తే అనుమానం మోటారు మీదికన్నా ముందు మరోచోటికి వెళ్లాలి. బ్యాటరీ నుంచి మోటారు దాకా, మోటారు నుంచి తిరిగి బ్యాటరీ దాకా కరెంటు నడిచే దారిలోని తీగెలు, అతుకులు, స్విచ్చులు ముందు నిందితులు. వేడి కొత్త జబ్బును పుట్టించడం లేదు. చాలాకాలంగా దాక్కుని ఉన్న జబ్బును బయటికి లాగుతోంది. ఎందుకో ఒక్కో మెట్టే ఎక్కి చూద్దాం.

ముందు చెవి పెట్టి వినాలి

వేడి ఇంజన్ స్టార్ట్ కాకపోవడం ఒకే సమస్య కాదు, కనీసం రెండు. తాళం తిప్పితే ఇంజన్ అసలు తిరగకపోవడం, లేదా నీరసంగా తిరగడం ఒకటి. ఇది కరెంటుకు సంబంధించింది. ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా అందుకోకపోవడం రెండోది. ఇది చాలావరకు పెట్రోలుకు, కొంత స్పార్కుకు సంబంధించింది. రెండూ ఎండలోనే వస్తాయి, రెండూ చల్లారాక మాయమవుతాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటనుకోవడం మామూలే. పెట్రోలు ఆవిరై ఆగిన బండికి సెల్ఫ్ మార్చినవాళ్లూ ఉంటారు, అతుకు వదులై ఆగిన బండికి కార్బురేటర్ విప్పినవాళ్లూ ఉంటారు.

మొదటి రకంలో కూడా చప్పుడే సగం రోగనిర్ధారణ చేస్తుంది. అది అర్థం కావాలంటే సాలినాయిడ్ సంగతి తెలియాలి. స్టార్టర్ మోటారుకు నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ను తిప్పడానికి 150 నుంచి 200 ఆంపియర్ల కరెంటు కావాలి. కదలకుండా ఉన్న క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. అంత కరెంటును తాళంచెవి స్విచ్చు గుండా పంపితే స్విచ్చు కరిగిపోతుంది. అందుకని మధ్యలో సాలినాయిడ్ అనే విద్యుదయస్కాంతాన్ని పెట్టారు. తాళం తిప్పితే కొద్దిపాటి కరెంటు సాలినాయిడ్ చుట్టలోకి వెళ్తుంది, అది ఒక ఇనుప కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ పెద్ద రాగి కాంటాక్టులను కలుపుతుంది, అప్పుడు అసలు కరెంటు మోటారుకు పారుతుంది. పాత బ్రిటిష్ పద్ధతి కార్లలో సాలినాయిడ్ విడిగా బాడీకి బిగించి ఉంటుంది. తర్వాతి కార్లలో అది మోటారు వీపు మీదే కూర్చుని, కాంటాక్టులను కలపడంతో పాటు మోటారు పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి ఇంజన్ ఫ్లైవీల్‌కు తగిలించే పని కూడా చేస్తుంది. రెండు పనులు చేసే ఈ రకానికి బలం ఎక్కువ కావాలి. లోపలికి లాగే క్షణంలో 30 నుంచి 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది.

ఇప్పుడు చప్పుళ్ల అర్థం తెలుస్తుంది. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదంటే సాలినాయిడ్‌కే సరిపడా కరెంటు అందలేదు. గట్టిగా ఒక్క ‘టక్’ వచ్చి ఆగిందంటే కడ్డీ కదిలింది కానీ పెద్ద కాంటాక్టుల దగ్గరో, ఆపైన మోటారులోనో, ఎర్త్ దారిలోనో అడ్డు ఉంది. నీరసమైన ‘టిక్’ అయితే కడ్డీ సగందాకా కదిలి ఆగిపోయి ఉండొచ్చు. ‘టిక్ టిక్ టిక్’మని వరసగా కొట్టుకుంటుంటే సాలినాయిడ్ కలుస్తోంది, మోటారు కరెంటు లాగగానే వోల్టేజి కూలిపోతోంది, పట్టు వదిలేస్తోంది, వదలగానే వోల్టేజి తిరిగొస్తోంది, మళ్లీ కలుస్తోంది. ఆ చప్పుడు వింటే బ్యాటరీని, దాని మీది క్లాంపులను మొదట చూడాలి.

ఆగిన ఇంజన్ ఎందుకు ఇంకా వేడెక్కుతుంది?

ఇంజన్ ఆపాక అన్నీ చల్లబడటం మొదలవుతుందని అనుకుంటాం. ఇంజన్ మొత్తం సంగతి చూస్తే అది నిజమే, దాని పక్కన ఉన్న వస్తువుల విషయంలో కాదు. నడుస్తున్నంతసేపూ రేడియేటర్ నీరు తిరుగుతుంది, ఫ్యాన్ గాలి కొడుతుంది, ఎదురుగాలి బానెట్ కింద నుంచి వేడిని తోసుకుపోతుంది. తాళం తీయగానే ఈ మూడూ ఒకేసారి ఆగుతాయి. కానీ వందల డిగ్రీల వేడి మీదున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డు, బరువైన పోత ఇనుప ఇంజన్ బ్లాకు తమ వేడిని ఎక్కడో ఒకచోట వదలాలి. అది చుట్టూ ఉన్న చల్లని వాటిలోకి పాకుతుంది. స్టార్టర్, సాలినాయిడ్, పెట్రోలు పంపు, కార్బురేటర్, ఇగ్నిషన్ కాయిల్ అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. అందుకే ఆపిన 10 నుంచి 30 నిమిషాల మధ్యలో అవి నడిచేటప్పటికన్నా ఎక్కువ వేడిగా ఉంటాయి. సరిగ్గా టీ తాగి వచ్చేంత సమయం.

ఊరు దీనికి తోడవుతుంది. హైదరాబాద్ ఉత్తర శివార్లు దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన, రాతి నేల మీద ఉన్నాయి. నగరంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే. బయటి గాలి 42 డిగ్రీలు ఉన్న రోజున బానెట్ కింది వస్తువులు చల్లారడానికి గాలికీ వాటికీ మధ్య తేడా తగ్గిపోతుంది, కాబట్టి చల్లారే వేగమూ తగ్గుతుంది. జనవరిలో ఇరవై నిమిషాల్లో తేరుకునే బండికి మేలో గంట పట్టడానికి కారణం అదే.

వేడి రాగి, నీరసించిన అయస్కాంతం

రాగి వేడెక్కితే కరెంటుకు ఎక్కువ అడ్డుపడుతుంది. ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున దాని నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గరున్న సాలినాయిడ్ చుట్ట 100 డిగ్రీలకు చేరితే నిరోధం సుమారు 27 శాతం పెరుగుతుంది. అదే వోల్టేజికి కరెంటు 79 శాతానికి పడిపోతుంది. విద్యుదయస్కాంతం లాగే బలం కరెంటుతో సమంగా కాదు, ఇంచుమించు కరెంటు వర్గంతో మారుతుంది. అంటే కరెంటు 79 శాతమైతే బలం 62 శాతమే. మూడో వంతుకు పైగా పోయింది. ఇక్కడిదాకా విన్నవాళ్లకు ‘అయితే నేరం వేడిదే కదా’ అనిపించడం సహజం. కానీ ఈ లెక్క కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకూ వర్తిస్తుంది. 1950ల చివర మొదలై 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగే దాకా తయారైన అంబాసిడర్లు ఎన్నో ఈ దేశపు ఎండల్లో టాక్సీలుగా రోజంతా ఆగుతూ లేస్తూ బతికాయి. వేడి ఒక్కటే కారణమైతే ఆ టాక్సీలు ఏ వేసవిలోనూ పని చేసి ఉండకూడదు. తయారుచేసినవాళ్లు ఈ నష్టానికి చోటు వదిలే రూపొందించారు. ఆ చోటును వేరే ఎవరో ఆక్రమించి ఉండాలి.

ఆ ఆక్రమణదారు పాతబడిన వైరింగ్. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు డ్యాష్‌బోర్డు దాకా వెళ్లి, ఆంపియర్ మీటరున్న కార్లలో దాన్ని కూడా దాటి, తాళంచెవి స్విచ్చులోంచి వెళ్లి, దారిలో ఒకటి రెండు కనెక్టర్లు దాటి, తిరిగి బానెట్ కిందికి వచ్చి సాలినాయిడ్‌ను చేరుతుంది. అదంతా 4 మీటర్ల తీగె అనుకుందాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెకు ఆ పొడవులో నిరోధం సుమారు 0.028 ఓమ్. దశాబ్దాల వాడకంతో అరిగి, మసిపట్టిన స్విచ్చు కాంటాక్టులు, పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లు కలిసి ఇంకో 0.03 ఓమ్ చేర్చాయనుకుందాం. మొత్తం 0.058. కాగితం మీద ఇది ఏమీ కాదనిపిస్తుంది. కానీ 12 వోల్టులకు 40 ఆంపియర్లు తీసుకునే సాలినాయిడ్ చుట్ట సొంత నిరోధమే 0.3 ఓమ్. దాని పక్కన 0.058 చిన్న సంఖ్య కాదు.

ఇప్పుడు నాలుగు సందర్భాలను లెక్కగట్టి చూడండి. చుట్ట చల్లగా ఉండి వైరింగ్ నష్టమే లేకపోతే లాగే బలం 100 అనుకుందాం. చుట్ట చల్లగా ఉండి వైరింగ్ పాతదైతే కరెంటు 33 ఆంపియర్ల చిల్లర, బలం 70. చుట్ట వేడెక్కి వైరింగ్ బాగుంటే బలం 62. చుట్ట వేడెక్కి, వైరింగ్ కూడా పాతదైతే కరెంటు 27 ఆంపియర్ల దగ్గరికి, బలం 47కు పడిపోతాయి. కడ్డీని స్ప్రింగుకు ఎదురు లాగి చివరిదాకా నెట్టడానికి 55 కావాలనుకుంటే, మొదటి మూడు సందర్భాల్లోనూ కారు స్టార్టవుతుంది. నాలుగోదానిలో మాత్రమే ‘టిక్’మని ఆగుతుంది. పొద్దున లేచి, శామీర్‌పేటలో మొరాయించి, సాయంత్రం మళ్లీ లేచిన బండి చేసింది ఇదే. వేడి ఒక్కటే దాన్ని ఆపలేదు, వైరింగ్ ఒక్కటే ఆపలేదు. వేడిని ఎలాగూ తీసేయలేం. వైరింగ్‌ను బాగుచేయగలం.

పారితేనే తెలిసే నష్టం

మరి ఇంత నష్టం ఎవరి కంటా ఎందుకు పడదు? మెకానిక్కు టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తాడు, సాలినాయిడ్ దగ్గర దీపం దేదీప్యమానంగా వెలుగుతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తాడు, 12.5 వోల్టులు కనిపిస్తాయి. ‘కరెంటు వస్తోంది, సెల్ఫే పోయింది’ అని తేల్చేస్తాడు. ఇంటి నల్లాను తలచుకుంటే ఇందులోని పొరపాటు తేలిగ్గా తెలుస్తుంది. పైపులో సగం తుప్పు పేరుకుపోయినా, నల్లా కట్టి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పితేనే సన్నధార వస్తుంది. వోల్టేజి నష్టం కూడా కరెంటు పారినప్పుడే పుడుతుంది, ఎంత పారితే అంత పుడుతుంది. టెస్ట్ ల్యాంపు తీసుకునేది చాలా కొద్ది కరెంటు. ఆ కాస్తకు 0.058 ఓమ్ నిరోధం దగ్గర పోయే వోల్టేజి ఏ మీటరూ పట్టించుకోనంత తక్కువ. అదే నిరోధం 40 ఆంపియర్లకు 2 వోల్టులకు పైగా మింగుతుంది. పోనీ మల్టీమీటరును ఓమ్‌ల మీద పెట్టి కొలుద్దామంటే, దాని తీగెల సొంత నిరోధమే ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది.

పెద్ద కేబుళ్ల దగ్గర లెక్క ఇంకా కఠినం. 200 ఆంపియర్లు పారే దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. అంటే 400 వాట్ల వేడి ఆ ఒక్క అతుకు దగ్గర పుడుతుంది. కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాక కేబుల్ వెంట చెయ్యి పోనిస్తే ఏ బిగింపు వెచ్చగా తగులుతుందో అదే దొంగ. సాలినాయిడ్ విడిగా ఉన్న పాత పద్ధతి కార్లలో ఎండాకాలపు ఇబ్బంది ఎక్కువగా ఈ పెద్ద దారిలోనే, ఇంజన్ నీరసంగా తిరగడంగా కనిపిస్తుంది.

అందరూ మరిచిపోయేది తిరుగు దారి. మోటారులోకి వెళ్లిన 200 ఆంపియర్లూ ఇంజన్ బ్లాకు గుండా, బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు కరెంటును పోనివ్వదు. ఇంజన్‌నూ బాడీనీ కలిపే అల్లిక రాగి పట్టీ ఒక్కటే వంతెన. నూనె, దుమ్ము, చిలుము పట్టి ఆ పట్టీ పాడైతే కరెంటు వేరే దారులు వెతుక్కుంటుంది. చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ గుండా కూడా పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు చోక్ కేబుల్ వేడెక్కుతున్నా, పొగ వస్తున్నా ఇంకో పరీక్ష అక్కర్లేదు, ఎర్త్ పట్టీ పోయినట్టే. డెంటింగ్, పెయింటింగ్ చేయించి ముస్తాబు చేసిన కార్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఎర్త్ బిగించే చోట కూడా అందంగా రంగు కొట్టేస్తారు, రంగు మీద పట్టీ బిగిస్తారు. ఎంతో ప్రేమతో చేయించిన పనే బండిని దారిలో నిలబెడుతుంది.

బాక్స్: వోల్టులు ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం

మామూలు డిజిటల్ మల్టీమీటరు, సాయానికి ఒక మనిషి చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ అందుకోకుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్న తీగె ఊడదీయండి. మీటరును డీసీ వోల్టుల మీద ఉంచండి. కదలకుండా కొన్ని గంటలు ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 9.6 కన్నా దిగకూడదు. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సరిగ్గా సీసపు పోస్టు మీదే, రెండో కొన మోటారు టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ దారిలో అడ్డు ఉంది. అలాగే బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మోటారు ఇనుప ఒంటికీ మధ్య 0.2 వోల్టుల కన్నా ఎక్కువ ఉండకూడదు. చివరగా పాజిటివ్ పోస్టుకూ సాలినాయిడ్ సన్న తీగె టెర్మినల్‌కూ మధ్య చూడండి. ఇక్కడ ఒక వోల్టు దాటితే స్విచ్చు, కనెక్టర్లను అనుమానించాలి. ఒక్కో ప్రయత్నం కొన్ని సెకన్లకు మించనివ్వకండి. ఈ కొలతలు పొద్దున ఒకసారి, ఇంజన్ బాగా వేడెక్కి ఆపిన పావుగంటకు ఒకసారి తీసి కాగితం మీద రాసుకోండి. రెండిటికీ ఉన్న తేడా ఏ అనుభవజ్ఞుడి ఊహకన్నా నమ్మదగ్గది.

‘కొత్త సెల్ఫ్ వేశాక బాగైంది కదా?’

ఈ వాదనకు వచ్చే గట్టి అభ్యంతరం ఇదే. మోటారు మార్చగానే సమస్య పోయిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. కానీ మోటారు మార్చడమంటే ఏమేం జరుగుతుందో చూడండి. బ్యాటరీ క్లాంపు విప్పుతారు, మళ్లీ బిగిస్తారు. మోటారు కేబుల్ విప్పి గీకి బిగిస్తారు. మోటారు ఒళ్లు ఇంజన్‌కు తాకే చోట తుప్పు తుడిచి బిగిస్తారు. సాలినాయిడ్ కూడా కొత్తదే వస్తుంది. అంటే దారిలోని నాలుగైదు అతుకులు ఎవరూ అనుకోకుండానే శుభ్రమయ్యాయి. ఆ శుభ్రత వల్ల బాగైందో, మోటారు వల్ల బాగైందో కొలవకుండా చెప్పలేం. అరిగిన బ్రష్‌లు, వదులైన బుష్‌లు, కాలిన సాలినాయిడ్ కాంటాక్టులు నిజమైన లోపాలే, వాటిని కాదనడం లేదు. వేడికి ఆర్మేచర్ వ్యాకోచించి అరిగిన బుష్‌లలో ఒరుసుకునే మోటార్లూ ఉంటాయి. బాక్సులో చెప్పిన కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా మోటారు తిరగకపోతే అప్పుడు మోటారును విప్పడం న్యాయం.

‘బ్యాటరీ బలహీనమై ఉంటుంది, పెద్దది వేయండి’ అన్నది ఇంకో సలహా. బ్యాటరీ చలికి నీరసిస్తుంది, వేడిలో అప్పటికప్పుడు ఇంకా బాగా కరెంటు ఇస్తుంది, వేడి దాని ఆయుష్షును తగ్గించడం వేరే సంగతి. ఇంజన్ ఆయిల్ కూడా చల్లగా ఉన్నప్పుడే చిక్కగా ఉంటుంది. అంటే పొద్దుటి స్టార్టే బ్యాటరీకి కష్టమైన పని. ఆ కష్టమైన పని చేసి, తేలికైన పనికి మొరాయించే బ్యాటరీ మీద అనుమానం నిలవదు. ఒక మినహాయింపు ఉంది. ఆల్టర్నేటర్ కాక డైనమో ఉన్న కార్లలో ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఛార్జింగ్ దాదాపు ఉండదు. కొంపల్లి రద్దీలో అరగంట పాకిన బండి బ్యాటరీ పొద్దున వాడుకున్నది తిరిగి నింపుకోలేకపోవచ్చు. అందుకే కొలతల్లో బ్యాటరీనే మొదట పెట్టాను. ఇగ్నిషన్ టైమింగ్ అవసరానికి మించి ముందుకు ఉంటే వేడి ఇంజన్ సెల్ఫ్‌కు ఎదురు తన్నుతుంది, అది కూడా బ్యాటరీ నీరసంలాగే వినిపిస్తుంది. టైమింగ్ చూడటానికి ఖర్చేమీ లేదు.

రిలే: మందా, నొప్పి మాత్రా?

సాలినాయిడ్ దగ్గర వోల్టులు తగ్గుతున్నాయని తేలితే ఆటో ఎలక్ట్రీషియన్లు రిలే పెట్టమంటారు. అది సరైన సలహానే. తాళంచెవి నుంచి వచ్చే పాత తీగెను సాలినాయిడ్‌కు కాకుండా రిలేలోని 86 నంబరు పిన్నుకు కలుపుతారు, 85ను ఎర్త్ చేస్తారు. బ్యాటరీ పాజిటివ్ నుంచి మందమైన తీగెను ఫ్యూజు గుండా 30కి తెస్తారు, 87 నుంచి సాలినాయిడ్‌కు పంపుతారు. రిలే తనను తాను కదిలించుకోవడానికి తీసుకునేది ఆంపియర్‌లో చిన్న భాగం. 40 ఆంపియర్లు మోసిన పాత దారి ఇప్పుడు ఆ చిన్న భాగాన్నే మోస్తుంది కాబట్టి దాని నిరోధం లెక్కలోకి రాదు. అరిగిన స్విచ్చుకు ఆయుష్షు కూడా పెరుగుతుంది. రిలేను ఎగ్జాస్ట్‌కు దూరంగా, నీరు పడని చోట బిగించాలి.

అయితే రిలే బాగుచేసేది సాలినాయిడ్ సన్న దారిని మాత్రమే. పెద్ద కేబుల్‌లోనో, ఎర్త్ పట్టీలోనో ఉన్న నష్టాన్ని అది ముట్టుకోదు. రిలే పెట్టాక నీరసమైన ‘టిక్’ గట్టి ‘టక్’గా మారి ఇంజన్ మాత్రం తిరగకపోతే అర్థం అదే. అప్పుడు కేబుళ్లు చూడాలి. 35 చదరపు మిల్లీమీటర్ల అసలైన రాగి కేబుల్‌లో 200 ఆంపియర్లకు మీటరుకు 0.1 వోల్టే పోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్‌లో నష్టం ఒకటిన్నర రెట్లు ఉంటుంది, చూడటానికి మందంగా కనిపించినా సరే. మేడ్చల్ లాంటి హైవే ఊళ్లలో లారీలకు, ట్రాక్టర్లకు కేబుళ్లు కొలిచి, లగ్గులు నొక్కి ఇచ్చే పని కొత్తది కాదు. కేబుల్ కొన కోసి లోపల రంగు చూసి తీసుకోవాలి. ఎర్త్ పట్టీ బిగించే చోట రంగు గీకి మెరిసే ఇనుము బయటపెట్టి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయాలి.

కొత్త రిలే పెడితే పాత కారు అసలు రూపం పోతుందని బాధపడేవాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ పాత వైరింగును కత్తిరించకుండా, కనెక్టర్ల దగ్గరే కలిపి, రిలేను కనపడని మూల పెట్టొచ్చు. కావాలనుకున్న రోజున తీసేస్తే కారు పూర్వ రూపానికి వస్తుంది. అతుకు కరిగి మంటలంటుకుంటే ఏ రూపమూ మిగలదు. స్క్రూడ్రైవరుతో సాలినాయిడ్ టెర్మినళ్లను కలిపి స్టార్ట్ చేసే అలవాటును మాత్రం వదులుకోవాలి. వేడి ఇంజన్ చుట్టూ పెట్రోలు ఆవిరి ఉంటుంది, అక్కడ నిప్పురవ్వ లేపడం ప్రమాదం. గేరులో ఉన్న బండి మనిషి మీదికి దూకుతుంది కూడా.

తిరుగుతోంది, అందుకోవడం లేదు

అంబాసిడర్ విషయంలో ఒక ప్రత్యేకత చెప్పాలి. 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ బి-సిరీస్ కుటుంబానికి చెందింది. అందులో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డు రెండూ డ్రైవరు ముందుకు చూస్తే ఎడమ పక్కనే, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. స్టార్టరు కుడి పక్క ఉంటుంది. అంటే ఎగ్జాస్ట్ వేడి నేరుగా తగిలేది స్టార్టరుకు కాదు, కార్బురేటర్‌కు. చలి దేశంలో పెట్రోలు త్వరగా ఆవిరి కావడానికి సాయపడే అమరిక దక్కన్ ఎండలో అతిగా సాయపడుతుంది. ఇంజన్ ఆపాక కార్బురేటర్ తొట్టిలోని పెట్రోలు మరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీల నుంచే ఆవిరవడం మొదలుపెడతాయి, ఇక్కడి ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇంకాస్త ముందే. మరిగిన పెట్రోలు పొంగి జెట్ల గుండా మానిఫోల్డులోకి కారుతుంది, మిశ్రమం మరీ చిక్కబడి స్పార్కుకు అంటుకోదు. అప్పుడు యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కితే ఇంకా పెట్రోలు పోసినట్టే. పూర్తిగా అదిమి పట్టి, వదలకుండా, సెల్ఫ్ కొడితే గాలి ఎక్కువ లోపలికి వెళ్లి మిశ్రమం పలచబడి అందుకుంటుంది. పంపు, పైపుల్లో ఆవిరి నిండితే సంగతి వేరు. పంపు ద్రవాన్ని లాగగలదు కానీ ఆవిరిని లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేసే పాత పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. అయితే ఆ నీళ్లు కాలుతున్న పోత ఇనుప మానిఫోల్డు మీద పడితే అది పగలొచ్చు.

2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టి బంకులన్నిటికీ విస్తరించిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ లెక్కను కొంచెం మార్చింది. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కానీ పెట్రోలులో తక్కువ పాళ్లలో కలిస్తే మిశ్రమం ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, 20 శాతం దగ్గర ఆ పెరుగుదల కాస్త తగ్గుతుంది కానీ పోదు. పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను ఇథనాల్ దెబ్బతీస్తుంది కూడా. పాత కార్లలో పెట్రోలు పైపులు ఇథనాల్‌ను తట్టుకునేవిగా మార్చడం ఇక వాయిదా వేయదగ్గ పని కాదు.

ఇక్కడ కూడా వైరింగ్ చెయ్యి ఉంది. ఖాళీ అయిన కార్బురేటర్ తొట్టి నిండాలంటే ఇంజన్ కాసేపు తిరగాలి, పంపును తిప్పేది ఇంజనే కాబట్టి. అంతసేపు వడిగా తిప్పాలంటే వోల్టులు మిగిలి ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇగ్నిషన్ కాయిల్‌కు 12కు బదులు 9 వోల్టులే అందితే అందులో నిలవయ్యే శక్తి 56 శాతానికి పడిపోతుంది, వేడెక్కిన కాయిల్‌లో ఇంకా తక్కువ. చిక్కటి మిశ్రమానికి బలమైన స్పార్కు కావాల్సిన సమయానికి బలహీనమైనది దొరుకుతుంది.

నిలిపి ఉంచిన బండికే ఎక్కువ చిలుము

1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టర్ వచ్చేదాకా హ్యాండిల్ కొట్టి ఇంజన్ లేపేవాళ్లు. ఆ తర్వాత చాలాకాలం హ్యాండిల్ కూడా కారుతోనే వచ్చేది. ఇప్పుడు ఆ హ్యాండిళ్లు చాలామంది దగ్గర లేవు. రోజూ తిరిగే అంబాసిడర్ టాక్సీలూ దాదాపు కనుమరుగయ్యాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాన్ని ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరుతో 10 ఏళ్లకు వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అయితే ప్రదర్శన, సాంకేతిక పరిశోధన, ర్యాలీ, వాటికి కావాల్సిన ఇంధనం, మరమ్మతుల కోసం తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. చట్టం చెప్పినా చెప్పకపోయినా ఇవాళ పాత కార్లలో చాలా భాగం వారాల తరబడి షెడ్డులోనే ఉంటున్నాయి. వానాకాలపు తేమ అతుకుల్లో చేరుతుంది, కదలని కాంటాక్టుల మీద పొర పేరుకుంటుంది, బ్యాటరీలో ఛార్జి మెల్లగా తగ్గిపోతుంది. తర్వాత ఒక ఆదివారం తీసి నేరుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కిస్తారు. అన్ని నష్టాలూ ఒకచోట కలవడానికి ఇంతకన్నా అనువైన రోజు ఉండదు.

కాబట్టి పరీక్ష చేయాల్సిన కాలం వానలు తగ్గాక ఒకసారి, మార్చి ముగిసేలోపు ఒకసారి. పరీక్షించాల్సిన వేళ పొద్దున షెడ్డులో కాదు. బండిని ఓ గంట నడిపి, బానెట్ మూసే ఉంచి, ఆపిన పావుగంటకు మీటరు పట్టుకోవాలి. అప్పుడు వచ్చిన అంకెలను తారీఖుతో సహా రాసి గ్లోవ్ బాక్సులో పెట్టుకుంటే, రెండేళ్ల తర్వాత ఎర్త్ దారిలో నష్టం 0.15 నుంచి 0.3 వోల్టులకు పాకిన సంగతి బండి ఆగకముందే కనిపిస్తుంది.